పెద్దక్షరాల సైమన్

కంప్యూటరు మిషన్ లేచేలోపు సైమన్ గడ్డం ఆనించే ఇనుప స్టాండును స్పిరిట్ దూదితో తుడిచాడు. నుదురు ఆనే పట్టీని తుడిచాడు. కెమెరా మీది గుడ్డ తీసి మడత పెట్టి కిటికీలో ఉంచాడు. తర్వాత చొక్కాలోకి చెయ్యి పోనిచ్చి మెడలోని నల్లదారం బయటికి లాగాడు. ఆ దారానికి ఒక చిన్న ఇత్తడి సిలువ, దాని పక్కనే ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతుంటాయి.

"దేవున్ని, కంపూటర్‌ను ఒక్క దారానికే కట్టినవ్. తీర్పు దినం నాడు ఏది ముందుగాల సూపిస్తవో సూస్త" అంటుంది ఆయన భార్య గ్రేసమ్మ. సైమన్ జవాబు చెప్పడు. మూడేళ్ల కింద పిడుగు పడి పాత మిషన్ మాడిపోయిన దగ్గర్నుంచి, సాయంత్రం ఇంటికి పోయేముందు తను పనిచేసే కళ్ల కేంద్రంలోని పనంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మెడలో వేసుకుపోవడం ఆయనకు అలవాటు. దుకాణం కట్టేసిన షావుకారు తాళంచెవిని మొలతాడుకు కట్టుకుపోయినట్టు.

నారాయణఖేడ్ బస్‌స్టాండు వెనక, ఎరువుల దుకాణం మేడ మీద రెండు గదులే ఆ కళ్ల కేంద్రం. డాక్టరు ఇక్కడుండదు, హైదరాబాదులో ఉంటుంది. ఇక్కడుండేది ఒక కెమెరా, ఒక కంప్యూటరు, వాటి ముందు సైమన్, వాటన్నిటినీ తుడిచే పోశమ్మ. ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల కళ్లను సైమన్ ఫొటో తీస్తాడు. అక్కడ డాక్టర్ నర్మద తన కంప్యూటర్లోంచి ఈ కంప్యూటర్ తెరనే తెరుచుకుని చూస్తుంది. తెర ఒకటే, చూసేది రెండుచోట్ల. ఆమె అక్కడ మౌస్ కదిపితే ఇక్కడ బాణం కదులుతుంది. మొదటిసారి ఆ బాణం తనంతట తాను నడవడం చూసి పోశమ్మ బోరంచ నల్లపోచమ్మకు కొబ్బరికాయ మొక్కుకుంది. ఇప్పుడు మాత్రం డాక్టరమ్మ బాణం దారి తప్పితే, "గటు గాదమ్మా, ఇంకింత కిందికి" అని తెరకే బుద్ధి చెప్తుంది.

రెండువేల పదో సంవత్సరం, వానాకాలం, మంగళవారం. మంగళవారాలు నాగల్‌గిద్ద వైపు వాళ్లవి. కింద జీపు ఆగిన చప్పుడైంది.

రోజూ మిషన్ లేచాక తెర నీలంగా అయ్యి, దాని మీద పెద్ద పెద్ద అక్షరాల పెట్టెలు పరుచుకునేవి. ఇవాళ బూడిదరంగు వచ్చింది. నడిమధ్య చిన్న నల్లని ఇంటూ గుర్తు. అంతే. పెట్టెలు లేవు, అక్షరాలు లేవు. లెక్క తప్పు అని పంతులు కొట్టేసిన పలకలాగా ఉంది.

దీనికి కారణం మిషన్ కాదని సైమన్‌కు తెలుసు. నిన్నటి ఒక ఖాళీ. అంతకంటే వెనక్కిపోతే ఆయన కుడికన్ను.

ఆ కన్ను రెండేళ్లుగా పొగపట్టిన లాంతరు గ్లాసు. ఎడమది కూడా అదే దారి పట్టింది. అది మోతిబిందు, అంటే కంటి శుక్లం అని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు, దినాం పదిమందికి ఆయనే చెప్తాడు. "చీమ కుట్టినట్టు గూడ ఉండది. పావుగంట పని. పొయ్యి రాపో" అని సగం తాలూకాకు ధైర్యం చెప్పి హైదరాబాదు పంపిన మనిషి. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదని ఆయన నమ్మకం. అయితే ఆ నమ్మకం ఇతరుల కళ్ల వరకే.

భయం ఒక్క కత్తి గురించే అయితే గ్రేసమ్మ చెయ్యి పట్టుకుని ఎప్పుడో పోయేవాడు. కళ్లు కనబడనివాణ్ని కళ్ల కేంద్రంలో ఎవరు కూర్చోబెడతారు? పట్టీ కట్టుకుని ఇంట్లో పడుకున్న నాలుగు రోజుల్లో ఆ కుర్చీలో ఎవరో ఒక కుర్రవాడు వచ్చి కూర్చుంటాడు. కూర్చున్నవాడు మళ్లీ లేస్తాడా? అందుకని సైమన్ నోరు మెదపకుండా, నెలకింత చొప్పున తెర మీది అక్షరాల్ని పెంచుకుంటూ వచ్చాడు. ఎదిగే పిల్ల గౌనుకు ఏడాదికోసారి అంచు విప్పినట్టు. పెరగనివాటికి సొరుగులో, గోధుమరంగు కవరు కింద, ఒక భూతద్దం ఉంది.

నిన్న సాయంత్రం పాత ఫొటోలు తీసేద్దామని కూర్చున్నాడు. తీసెయ్ అనే ఆజ్ఞలో ఒకచోట అక్షరాల మధ్య ఉండకూడని ఖాళీ పడింది. వేలు కొట్టింది, కన్ను చూడలేదు. మనిషైతే "ఇది గూడనా?" అని ఒక్కసారి అడిగేవాడు. ఆ మిషన్‌కు మర్యాద ఎక్కువ, ఎదురు ప్రశ్న వెయ్యదు. ఫొటోలతో పాటు తెరను లేపే సరంజామా ఉన్న పెట్టెను కూడా ఊడ్చేసింది. క్షణంలో తెలుసుకుని, మెడలోని పెన్‌డ్రైవ్ తీసి అన్నీ మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాడు. అప్పటికే లేచి ఉన్న తెర కాబట్టి అది కదలక మెదలక అలాగే ఉంది. గండం గడిచిందనుకుని ఇంటికిపోయి జొన్నరొట్టె తిన్నాడు.

గండం పొద్దున్నే వచ్చి కూర్చుంది.

"ఏంది సారూ, అది గట్ల మబ్బువట్టింది?" అంది పోశమ్మ చీపురు పక్కన పెడుతూ. జనం ఉన్నప్పుడు ఆమె ఆయన్ను సారూ అంటుంది. లేనప్పుడు అన్నా అంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడుతోంది.

"జర సతాయిస్తుంది. అందర్ని కూసోవెట్టు. నీళ్లియ్యి."

వచ్చినవాళ్లలో ముందుగా లోపలికి తొంగిచూసింది మాణిక్యప్ప. నాగల్‌గిద్ద అవతల కంది పండించే పెద్దాయన. తలకు రుమాలు, ఎడమకంట్లో తెల్లని పొర. "ఏనాయితు?" అన్నాడు. ఏమైందని.

"ఏం గాలేదు పెద్దయ్యా. కూసో."

"పోయినసారి గిట్లనే ఏం గాలేదంటె మా మోటరు కాలిపాయె" అని మాణిక్యప్ప నమ్మకం లేకుండా బెంచీ మీద కూర్చున్నాడు.

ఫోను మోగింది. డాక్టర్ నర్మద. "సైమన్ గారూ, నాకు తెర అంతా బూడిదరంగే వస్తోంది. మీకూ అంతేనా?"

"అంతే మేడం. జర్రసేపు."

"ఒంటిగంట దాకా ఉంటాను. తర్వాత ఆపరేషన్లున్నాయి."

సైమన్ మిషన్‌ను ఆపి మళ్లీ లేపాడు. బూడిద. ఇంకోసారి. బూడిద. ఇక లాభం లేదని వెనకవైపు తలుపులోంచి పోయాడు, అంటే బొమ్మలేవీ లేని ఉత్త నల్లతెరకు. పెద్దక్షరాల ఏర్పాటంతా ఆ నీలం తెరలోనే ఉంది. ఇక్కడ అక్షరాలు పుట్టినప్పటి సైజులోనే ఉన్నాయి. నల్లనేల మీద తెల్లచీమలు పాకుతున్నట్టు కనిపించింది.

ఈ పని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తండ్రి యేసయ్య చర్చి గంట కొట్టేవాడు, కొడుక్కు ఆస్తిగా టైముకు లేవడం ఒక్కటే ఇచ్చాడు. ఖేడ్‌లో టైపు నేర్చుకున్నాక, పద్నాలుగేళ్లు తాలూకా ఆఫీసు వరండాలో జనం కష్టాలకు కార్బన్ పెట్టి రెండేసి కాపీలు తీశాడు. టైపు మిషన్లు మూలకు పడ్డాక ఇక్కడ చేరాడు. కంప్యూటర్ బిగించడానికి వచ్చిన పిల్లగాడు నాలుగురోజులుండి, ఒక ఫోన్ నంబరు రాసిచ్చిపోయాడు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఇప్పుడు జహీరాబాద్‌లో ఒక కోళ్లఫారం ఆయన ఎత్తుతాడు. పాపం మంచి మనిషి, రెండుసార్లు ఓపికగా విన్నాడు కూడా. మిగతాదంతా సైమన్ ఒక తప్పు చేసి ఇంకో తప్పుతో దాన్ని సరిచేసి నేర్చుకున్నదే.

తెరను లేపేది ఒక చిన్న ఫైలని తెలుసు. హైదరాబాదు నుంచి తలుపు తట్టగానే అది నిద్రలేచి, తన లోపలున్న లైన్లను ఒకదాని వెనక ఒకటి నడిపించి తెర గీస్తుంది. దాన్ని తెరిచాడు. సొరుగు లాగాడు. భూతద్దాన్ని టేబుల్ అంచుకింది నుంచి దొంగలాగా పైకి తెచ్చి, ఒక్కో అక్షరం మీద పెట్టి చదివాడు. అన్ని లైన్లూ ఉన్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే అసలు తిప్పలు. తప్పు కనబడితే దిద్దొచ్చు.

మరి ఎందుకు లేవదు? ఆ ఫైలు పేరు, దాంతోపాటు ఎప్పుడూ చెక్కుచెదరని మరో నాలుగు ఫైళ్ల పేర్లు, వాటి ముందుండే గుర్తులతో సహా చూపించమని అడిగాడు. వరుసలు వచ్చాయి. అద్దం పెట్టాడు. అద్దంలో చీమలు పెద్దవై, చెదిరి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కంట్లోంచి నీళ్లు కారాయి.

"బయటికి తియ్యన్నా గా అద్దం" అంది పోశమ్మ వెనక నుంచి, గొంతు తగ్గించి. "టేబుల్ కింద వెట్టుకొని ఎవలకు దాస్తవ్? దినాం సొరుగు తుడిచేది నేనే గదా."

సైమన్ అద్దం బల్ల మీద పెట్టాడు. కాసేపటికి కుర్చీ కొంచెం పక్కకు జరిపాడు.

"ఇట్ల రా. గీ వరుసలు సూడు."

"నాకు సదువు రాదంటి గదా."

"సదువొద్దు. పప్పుల రాళ్లు ఏరుతవ్ గదా. గట్ల సూడు. అన్ని వరుసలు ఒక్క తీరుగ ఉన్నయా, ఏదన్న అలగ్ ఉన్నదా?"

పోశమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని తెరకు ముక్కు తగిలేలా వంగింది. పెదవులు కదులుతున్నాయి. బయట ఎవరో దగ్గారు, ఎవరో మరెవరినో జరగమన్నారు.

"పైన నాలుగు వరుసల్ల ఇంటూ గుర్తులున్నయి, బూడిద తెర మీద ఉన్నసుంటివే. మొదలు కాడ మూడు మూడు" అంది నెమ్మదిగా. "కింద దాంట్ల ఒక్కటి గూడ లేదు. వాటి జాగల ఉత్త గీతలే ఉన్నయి."

సైమన్ కళ్లు మూసుకున్నాడు. ఇంటూ అంటే నడవొచ్చు అని. నడవడానికి ఇచ్చిన ఇజాజత్, అనుమతి. అది లేని ఫైలును చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, కానీ లెమ్మంటే లేవదు. పెన్‌డ్రైవ్ లోపలి మాటలన్నీ భద్రంగా మోసుకొచ్చింది కానీ, ఆ ఇజాజత్‌ను మాత్రం దారిలోనే వదిలేసి వచ్చింది. దానికి అది మోసే శక్తి లేదు. మూడేళ్లుగా రోజూ మెడలో వేసుకు తిరిగినవన్నీ నడక మరిచిపోయిన కాపీలే. వాటిని మళ్లీ దింపుకునే అవసరం ఇన్నాళ్లూ రాలేదు కాబట్టి తెలియలేదు.

"ఏందన్నా, గింత సేపు కండ్లు మూసినవ్. సోయి తప్పిందా?"

"లేదు. దొరికింది."

ఇంటూ గుర్తు ఇవ్వడానికి ఒక్క లైను చాలు. దానికి కళ్లక్కర్లేదు. టైపు నేర్పిన మాస్టరు చేతుల మీద తువాలు కప్పి కొట్టించేవాడు. సైమన్ వేళ్లు ఆ లైనును చూడకుండానే కొట్టాయి. అక్షరానికి అక్షరానికి మధ్య ఖాళీ ఎక్కడుండాలో అక్కడే పడిందా లేదా అని మాత్రం పోశమ్మను అడిగి, అప్పుడు ఎంటర్ నొక్కాడు. తెరను మళ్లీ లేపాడు.

బూడిదరంగు ఒక క్షణం ఆగింది. తర్వాత నీలం పరుచుకుంది. దాని మీద పెద్దక్షరాలు, పెళ్లిపందిట్లోకి వచ్చిన మేనమామల్లాగా, ఒక్కొక్కటే ఒళ్లు విరుచుకుంటూ వచ్చి కూర్చున్నాయి.

"వచ్చింది" అంది ఫోనులో నర్మద. బాణం తనంతట తాను కదిలి ఊగింది. "పన్నెండవుతోంది. మొదలుపెట్టండి. మొదటి ఫొటో వస్తుందో లేదో చూద్దాం."

పోశమ్మ బయటికి పోయి మాణిక్యప్పకు నీళ్లిచ్చింది. నీళ్లివ్వడానికి అంత వంగక్కర్లేదు. మాణిక్యప్ప రుమాలు సర్దుకుంటూ లోపలికి వచ్చాడు, స్టాండును చుట్టూ తిరిగి చూశాడు, గడ్డం పెట్టే చోట వేలితో తట్టి చూశాడు.

"నాకు బేడ" అన్నాడు. వద్దని.

"ఎందుకు పెద్దయ్యా? నొప్పుండది. ఉత్త ఫొటో."

"పొద్దటిసంది గీ మిషన్ జబ్బువడ్డది. ఇప్పుడే గద లేసింది. మొదలు నీ తలకాయ వెట్టు సారూ. నిన్ను ఏం జెయ్యకుంటె అప్పుడు నేను వెడ్త."

బెంచీ మీది వాళ్లందరికీ ఈ మాట న్యాయంగానే తోచింది. ఒక ముసలమ్మ "అవ్ మల్ల" అంది.

సైమన్ పోశమ్మ వైపు చూశాడు. పోశమ్మ కిటికీలో మడతపెట్టిన గుడ్డను విప్పి మళ్లీ మడతపెడుతోంది.

చీమ కుట్టినట్టు గూడ ఉండదని ఇన్నేళ్లు చెప్పిన మనిషి ఇంతమంది ముందు వద్దనలేడు. కుర్చీలోంచి లేచి స్టాండుకు అటువైపు పోయాడు. అటువైపు నుంచి ఆ గది ఎట్లా ఉంటుందో ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. ఇనుము చల్లగా ఉంది. స్పిరిట్ వాసన వేసింది. లైటు కుడికంట్లో పడితే పాలు ఒలికినట్టు అంతా తెల్లబడింది.

"బటన్ నేను ఒత్తుత" అంది పోశమ్మ. రోజూ చూసే పనే. ఒత్తింది.

సైమన్ కళ్లు నలుపుకుంటూ తిరిగి వచ్చేలోపే ఫొటో తెర మీద పరుచుకుంది. అంటే, హైదరాబాదులో కూడా.

"ఫొటో బాగా వచ్చింది" అంది నర్మద. "కుడికన్ను చాలా ముదిరింది సైమన్ గారూ. ఇంకా ఆలస్యం చేస్తే పని కష్టమవుతుంది. ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నాడీయన? పేరు కొట్టండి."

ఫొటో కింద పేరు రాసే పెట్టె తెరుచుకుంది. అందులో సన్నగీత మిణుకుతోంది. మాణిక్యప్ప అని కొట్టొచ్చు. ఎవరూ కాదనరు, ఆ పెద్దాయన కంట్లోనూ పొర ఉంది, ఎట్లాగూ పంపాల్సిందే. కన్ను ఫొటోకు ముఖం ఉండదు. ఆ తర్వాత ఇంకో ఫొటో తీసి దీన్ని చెరిపేస్తే సరిపోతుంది. చెరపడం ఎంతసేపు, నిన్ననే చూశాడు. కుర్చీ ఉంటుంది. అక్షరాల్ని ఇంకొంచెం పెంచుకోవచ్చు. తెరకు ఒక్క అక్షరమే పట్టే రోజు దాకా పెంచుకోవచ్చు.

పోశమ్మ గుడ్డ మడతపెట్టడం ఆపింది.

సైమన్ వేళ్లు కీల మీద ఆనించాడు. ఆయన ఇక్కడ కొట్టే ప్రతి అక్షరం అక్కడ కూడా పడుతుంది. ఎస్ కొట్టాడు. ఐ కొట్టాడు. ఎమ్ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. మిగతాది ఆగకుండా కొట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. తెర మీద తన పేరు బొప్పాయికాయలంత అక్షరాలతో ఉంది.

బాణం ఆ పేరు దాకా వచ్చి నిలబడింది.

"నాకు తెలుసు" అంది నర్మద. "మీరు చూసే తెరే కదా నేనూ చూసేది. ఏడాదిగా అక్షరాలు పెరుగుతూనే ఉన్నాయి. ఈమధ్య పేషెంటు పేరు చదవాలంటే నేను కుర్చీ వెనక్కి జరుపుకోవాల్సి వస్తోంది. మీరే చెప్తారని చూశాను. నేనే అడగాల్సింది."

"మేడం, నా కుర్చీ..."

"కుర్చీకేం? ఆ మిషన్‌తో వేగేవాళ్లు మా దగ్గర ఒక్కరూ లేరు. ఎవర్ని పంపినా రెండోరోజే మీకు ఫోన్ చేస్తారు. ఇవాళ సాయంత్రం బస్సుకే రండి, గురువారం నేనే చేస్తాను. మీరు తిరిగొచ్చేదాకా అక్కడ బటన్ ఒత్తితే చాలు, మిగతాది నేను ఇక్కడ్నుంచి చూసుకుంటా. బటన్ ఒత్తింది ఎవరు?"

"పోశమ్మ."

"బాగా ఒత్తింది."

బాణం తనంతట తాను కదిలి, సైమన్ పేరు పక్కనున్న గడిలోకి పోయి, గురువారం అని రాసింది. అవే పెద్దక్షరాలతో.

"నీకేం గాలేదు గదా?" అన్నాడు మాణిక్యప్ప, ఆయన్ను కిందికీ మీదికీ పరీక్షగా చూసి. "అయితె నేను వెడ్త." రుమాలు తీసి గడ్డం ఆనించాడు.

ఒంటిగంటకు ముందే అందరివీ అయిపోయాయి. మధ్యాహ్నం సైమన్ ఇంకో పని పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ఫైళ్లను విడివిడిగా పెన్‌డ్రైవ్‌లో పోసే పాత పద్ధతి తీసేసి, అన్నిటినీ ఒకటే మూటగా కట్టే నాలుగు లైన్లు రాశాడు. గిన్నెల్ని విడివిడిగా మోస్తే మూతలు మారిపోతాయి. మూటగడితే ఏ గిన్నె మూత దాని మీదే ఉంటుంది. ఈసారి మూట కట్టి, విప్పి, ఇంటూ గుర్తులున్నాయో లేవో పెద్దక్షరాల్లో చూసుకున్నాడు. ఉన్నాయి. దారం నుంచి పెన్‌డ్రైవ్ విప్పి పోశమ్మకు ఇచ్చాడు. సిలువ ఒక్కటే మెడలో తేలిగ్గా అటూ ఇటూ ఆడింది.

"పొద్దుమీకి దీన్ని పెట్టి, గీ బొమ్మ మీద ఒత్తు. మూట అదే కడ్తది. మర్సిపోతె..."

"మర్వ" అంది పోశమ్మ, దాన్ని కొంగుకు ముడేసుకుంటూ. "నీ అసుంటి మతిమరుపు మాకు లేదు."

"మాణిక్యప్పకు నువ్వేనా జెప్పింది?"

"నేనేం జెప్తి? నీళ్లిచ్చిన."

సైమన్ నవ్వాడో లేదో ఆ వెలుతురులో తెలియలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు. కింద గ్రేసమ్మ సంచీతో నిలబడి ఉంది. సంచీలో రొట్టెలు, రెండు జతల బట్టలు, బైబిలు. "భయమైతుందా?" అని అడిగింది. "అయితుంది" అన్నాడు సైమన్. ఇన్నేళ్లలో ఆయన ఆమెకు ఒక్క మాటలో జవాబు చెప్పడం అదే మొదలు. చీమ కుట్టినట్టు గూడ ఉండదని ఆమె అనబోయి, అనకుండా చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వాన నీళ్లు దాటుకుంటూ హైదరాబాదు బస్సు వైపు పోయారు.

పోశమ్మ కిటికీలోంచి బస్సు కదిలేదాకా చూసింది. తర్వాత మూట కట్టించింది, మిషన్ ఆపింది, కెమెరాకు గుడ్డ కప్పింది. సొరుగు తుడుద్దామని లాగితే గోధుమరంగు కవరు కింద ఏమీ లేదు. తల తిప్పి బల్ల వైపు చూసి, అక్కడున్నదాన్ని తియ్యకుండానే తాళం వేసి పోయింది.

సైమన్ పెట్టిపోయిన భూతద్దం కీబోర్డు మీదే ఉంది. దాని కింద ఏ అక్షరం పడిందో గాని, గదిలో చీకటి పడేదాకా అది పెద్దగానే ఉంది.